పుర్రె ఎముకలు 22కు బదులు 20 వస్తున్నాయన్న ప్రశ్నకు సమాధానం

కపాలంలోని (మెదడును కప్పి ఉంచే భాగంలోని) 8 ఎముకలు సరిగానే వచ్చి, ముఖంలో 14కు బదులు 12 మాత్రమే వస్తున్నాయంటే, ముక్కు లోపలి కింది టర్బినేట్ ఎముకలు రెండింటినీ మీరు ఎథ్మాయిడ్‌లో (కళ్ల మధ్య, ముక్కు పైభాగాన ఉండే కపాల ఎముకలో) కలిపేసి ఉంటారు.

1. నాసికా కుహరంలో ఒక్కొక్క పక్కగోడ మీద మూడు వంపు తిరిగిన పలుచని రేకులు కనిపిస్తాయి. పై రేకు, మధ్య రేకు ఎథ్మాయిడ్ ఎముకలోని భాగాలే కనుక వాటిని విడిగా లెక్కించకూడదు.

2. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. అట్టడుగు రేకు, అంటే కింది టర్బినేట్, చూడటానికి పై రెండింటిలాగే ఉన్నా, మాక్సిల్లా (పై దవడ), పాలటైన్ (అంగిలి), లాక్రిమల్ (కంటి లోపలి మూలలోని చిన్న ఎముక), ఎథ్మాయిడ్ ఎముకలతో కీళ్లు ఏర్పరచుకున్న స్వతంత్రమైన ఎముక. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటుంది. ఇది చాలా పెళుసైనది కాబట్టి, పాత పుర్రెల్లో విరిగిపోయి అసలు కనిపించకపోవచ్చు కూడా.

3. ఇప్పుడు జతలు లెక్కించండి: నాసికాస్థులు, లాక్రిమల్, చెంప ఎముకలు, మాక్సిల్లా, పాలటైన్, కింది టర్బినేట్. ఆరు జతలకు 12.

4. ఒంటివి రెండే: వోమర్ (ముక్కు మధ్యగోడలోని ఎముక), కింది దవడ. మొత్తం 14.

కొన్ని పుస్తకాల్లో 28 లేదా 29 అని కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. మధ్యచెవిలోని 6 చిన్న ఎముకలను కలిపితే 28, గొంతులోని హయాయిడ్‌ను కూడా చేర్చితే 29 అవుతాయి.