టీచరమ్మకు ఉత్తరం: గోడ మీది ఫొటో

ప్రశ్న: టీచరమ్మకు నమస్కారం. మాది మిర్యాలగూడ. ముప్పై ఏండ్ల సంది రైస్ మిల్లుల గుమస్తాగ చేస్తున్న. మా తాత సాయుధ పోరాటంల దళాలకు అన్నం మూటలు మోసిన మనిషి. మా ఇంట్ల గోడకు చాకలి ఐలమ్మ ఫొటో ఉంటది. బీటెక్ చదివిన మా కొడుకు హైదరాబాద్‌ల మంచి నౌకరి ఇడిసిపెట్టి, దోస్తులతోని కంపెనీ పెడ్తనని ఇంటికొచ్చిండు. వచ్చినోడు ఐలమ్మ పక్కన ఎలాన్ మస్క్ ఫొటో తగిలిచ్చిండు. "ఈ కాలం వీరులు గిసొంటోళ్లే నాయినా" అంటడు. వ్యాపారం చేసి కోట్లు గడించినోడు వీరుడెట్లయితడు? పోరగాన్ని కోప్పడాల్నా, ఊకోవాల్నా?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: అన్నా, ఐలమ్మ ఫొటో తీసెయ్యలేదు గద, పక్కన పెట్టిండు. గోడ మీద జాగ ఉన్నది. కోపానికి తొందరేం లేదు.

నీ ప్రశ్నకు మా ఇంటి ముచ్చటతోనే జవాబు మొదలుపెడ్త. నేను పుట్టింది చౌటుప్పల్ దిక్కు ఒక పద్మశాలీల వాడల. మా అమ్మ ఆసు పోసేది. ఇప్పటి పిల్లలకు ఆసు అంటే తెల్వదు, జర ఓపిగ్గ ఇను. మన పోచంపల్లి చీరల నేసినంక రంగులద్దరు. నెయ్యకముందే, రంగు అంటొద్దన్నకాడ పోగులకు చిటికి, అంటే గట్టి కట్టు, కట్టి, రంగుల ముంచి, అటెన్క మగ్గమెక్కిస్తరు. ఆ కట్టుడుకు ముందు పోగును వరుసగ పేర్చుకోవాలె. దానికే ఆసు. ఒక దిక్కు ఒక మేకు, ఎదురుంగ అర్ధచంద్రం లెక్క వంగిన కొయ్య, దాని నిండ మేకులు. పోగు పట్టుకొని చెయ్యి ఇటునుంచి అటు పోవాలె, అటునుంచి ఇటు రావాలె. ఒక్క చీరకు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. రెండు చీరలకు పోసిన రోజు 18,000 సార్లు. ఇది ఆడోళ్ల పని. కూలి లెక్కల రాయరు, చీర ధరల కనపడది.

పొద్దుగూకినంక మా అమ్మ నన్ను పిలిచి తల దువ్వమనేది. కొప్పు నేనే ముడిచేది. నేనంటే ముద్దు, అందుకే పిలుస్తదనుకునేదాన్ని. కుడి చెయ్యి భుజం మీదికి లేవకనే పిలిచేదని నాకు పెండ్లయినంక గని తెల్వలే.

మా ఊరికి కొంత దూరంల, ఆలేరు దగ్గర శారాజీపేటల, ఇంకో ఇంట్ల గూడ ఇదే కథ. ఆ అమ్మ పేరు లక్ష్మి. కొడుకు చింతకింది మల్లేశం, చిన్న క్లాసులనే బడి మానిన పిలగాడు. అమ్మ చెయ్యి నొప్పి సూడలేక, ఆ చెయ్యి చేసే పని మిషన్‌తోని చేయించాలనుకున్నడు. 1992ల మొదలుపెట్టిండు. ఇంజినీరింగు చదవలే, చెప్పేటోడు లేడు. చేతిల పైసలుంటే ఒక ముక్క, లేకుంటే లేదు. అప్పులైనయి. ఊరోళ్లు పిచ్చి లేసిందన్నరు. హైదరాబాద్ పోయి కరెంటు పనికి కూలి చేసుకుంట గూడ ఆసునే తలుసుకున్నడు. బాలానగర్‌ల ఒక వర్క్‌షాపుకు పనికి పోయిన రోజు, అక్కడ తిరుగుతున్న ఒక మిషన్‌ను చూస్తే తనకు చిక్కని ఆఖరి మెలిక దొరికింది. 1999ల యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది, చెయ్యి ఊపే పని లేదు. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. అవార్డు ముచ్చట పెద్దది గాదులే, యంత్రం ముచ్చటే పెద్దది.

ఇగ నీ 'వ్యాపారం' కాడికొద్దాం. ఆ యంత్రం ఆయన ఇంట్లనే ఉంటే ఒక్క లక్ష్మమ్మ చెయ్యే బాగుపడు. ఆయన చేసి అమ్మిండు. అమ్మిండు కాబట్టే వేరే ఇండ్లల్లకు పోయింది. అమ్ముడంటే ఉత్త పైసల పని గాదన్నా. విడి భాగాలు ఎవరు తేవాలె, మోటరు కాలితే ఎవరు రావాలె, కొన్నోడు నెలకింత కడ్తనంటే ఎవరు ఆగాలె?

ఇంకో దిక్కు చూడు. నీళ్లల్ల ఫ్లోరైడ్ దించే ఒక పద్ధతికి లోకమంత మన ఊరి పేరే పెట్టి పిలుస్తరు, నల్లగొండ టెక్నిక్ అని. నాగ్‌పూర్‌ల నీరి సంస్థ శాస్త్రవేత్తలు చేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, అంతే, మన కిరాణ కొట్ల దొరికే సామానే. కని పటిక ఎంతెయ్యాల్నో రోజు లెక్క చూసి కలపాలె, అడుగున పేరుకున్న మడ్డి తీసెయ్యాలె. ఆ రోజువారీ బాధ మీదేసుకునే మనిషి లేనికాడ డ్రమ్ము మూలకు పడ్తది. మంచి ఆలోచన ఇంటింటికి నడిచిపోదు, ఎవడో ఒకడు నెత్తిన మోసుకపోవాలె. మోసేటోన్ని వీరుడంటే నాకేం అభ్యంతరం లేదు. మన ఊళ్ల పొలిమేరల్ల వీరగల్లులు చూసే ఉంటవు. ఊరి పసులను దొంగలు తోలుకపోతుంటే అడ్డంబడి చచ్చినోనికి గూడ రాయి నిలిపిన్రు. ఆ రాయి మీద ఆయనకు ఎన్ని ఎకరాలున్నయో ఎవరు చెక్కలే.

గోడ మీది మస్క్ సంగతి. ఆయన 2002ల స్పేస్‌ఎక్స్ అనే రాకెట్ల కంపెనీ పెట్టిండు, అంతకుముందు కంపెనీ అమ్మితే వచ్చిన సొంత పైసలు అండ్ల పోసిండు. మొదటి మూడు రాకెట్లు కక్ష్యల చేరకుంటనే పోయినయి. 2006, 2007, 2008. నాలుగోది 2008 సెప్టెంబర్ 28న చేరింది. అది గూడ పోతే కంపెనీ ఉండకపోయేది. 2015 డిసెంబర్‌ల రాకెట్ కింది భాగాన్ని తిరిగి నేల మీద నిలబెట్టిన్రు. అప్పటిదాంక మామూలుగ దాన్ని సముద్రంల వదిలేసుడే. దేవరకొండకు ఒక ట్రిప్పు కొట్టిన బస్సును అక్కడనే తుక్కుకేసినట్టు. ఉన్నదంత పెట్టి, మూడుసార్లు కాలబెట్టుకొని, నాలుగోసారి నిలబడ్డ మనిషి. నీ కొడుకుకు నచ్చింది అదే అయితే పిలగాడు మంచిదే పట్టిండు.

కని ఫొటోల ఒక్కడే కనపడ్తడు. 2008 డిసెంబర్‌ల అమెరికా ప్రభుత్వ సంస్థ నాసా 160 కోట్ల డాలర్ల పని అప్పజెప్పింది, ఆ కంపెనీ నిలదొక్కుకున్నది దానితోని. టెస్లా కార్ల కంపెనీ 2003ల పెట్టింది మార్టిన్ ఎబర్‌హార్డ్, మార్క్ టార్పెనింగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు. ఈయన పైసలతోని వచ్చి చేరింది 2004ల. ఈ ఇద్దరి ఫొటోలు ఏ హాస్టల్ గోడ మీద చూడలే నేను. పక్క ఫొటోల ఉన్నామెనే అడుగు. పాలకుర్తిల పంట ఐలమ్మది, విస్నూరు దేశ్‌ముఖ్ గుండాలు వస్తే కాపాడటానికి ఆంధ్ర మహాసభ సంఘపోళ్లందరు నిలబడ్డరు. ఐలమ్మ ధైర్యానికి దాంతోని ఏం తక్కువయింది?

వీరుడని పేరు పెట్టినంక మనం చేసే తప్పు ఇంకోటి ఉన్నది, లెక్కలడుగుడు బంద్ జేస్తం. మన తెలుగోడే, సత్యం కంప్యూటర్స్ రామలింగరాజును ఎంత నెత్తినెక్కించుకున్నం! 2009 జనవరి 7న లెక్కలన్ని తప్పులని ఆయనే ఉత్తరం రాసిండు. పులి మీద సవారీ చేసినట్టయింది, అది తనను తినకుంట ఎట్ల దిగాల్నో తెల్వలే అన్నడు. నువ్వు గుమస్తావు, నీకు చెప్పాల్నా? కొడుకు కంపెనీ లెక్కల బుక్కు నెలకొక్కసారి నీ ముందల పెట్టమను. పొలం కాయితాలు మాత్రం బీర్వలనే ఉండనియ్యి, మల్లేశమంతటోడు గూడ కూలి చేసుకుంటనే యంత్రం చేసిండు.

ఒకటి అడగాలె. రెండు పేజీల ఉత్తరం రాసినవు, ఫొటో గురించి రాసినవు, మీ తాత గురించి రాసినవు. నీ కొడుకు కంపెనీ ఏం చేస్తదో ఒక్క ముక్క లేదు. నువ్వు అడగలేదా, వాడు చెప్పలేదా? ఇయ్యాల బువ్వ తినేటప్పుడు అడుగు. చెప్పలేకపోతే రేపు నీ వెంట మిల్లుకు తీస్కపో, హమాలీల నడుము చూడనియ్యి, పొద్దందాక కూసోనియ్యి. అక్కడ చెయ్యాల్సిన మిషన్లు కొల్లలు.

ప్రశ్న: మేడం, నేను వనపర్తిల పాలిటెక్నిక్ చదువుతున్న. మా అమ్మ విత్తనం పల్లికాయ ఒల్వనీకె కూలికి పోతది, బొటనేలి గోరు చీలి నెత్తురొస్తది. నేను ఒక ఒలిచే మిషన్ చేస్తున్న. క్లాసుల మొగపిల్లలు నవ్వుతున్నరు. మా కాలేజి ఫ్లెక్సీ మీద టెక్నాలజీ పారిశ్రామికవేత్తలంటే అందరు మొగోళ్లే. ఆడోళ్లు లేరా?
– ఒక విద్యార్థిని, వనపర్తి

జవాబు: ఉన్నరు బిడ్డా. కిరణ్ మజుందార్ అని, ఆస్ట్రేలియాల బీరు తయారీ చదువుకొని వచ్చింది. ఆడపిల్లకు ఆ నౌకరి ఇయ్యలేమన్నరు ఇక్కడ. 1978ల బెంగళూరుల ఒక కిరాయి గ్యారేజీల పదివేల రూపాయలతోని బయోకాన్ మొదలుపెట్టింది. బ్యాంకులు అప్పియ్యనీకె వెనకాడినయి. మొదట చేసింది మందులు గాదు, బొప్పాయి నుంచి తీసే పపైన్ అనే ఎంజైము. మీ ఫ్లెక్సీ కొట్టినోడు వేరే ఫొటోలు దొరకక ఉన్నవే వేసి ఉంటడు, వాన్ని ఇడిసిపెట్టు.

నీ మిషన్ ముచ్చట చెప్పు. విత్తనానికి చేత్తోనే ఎందుకు ఒలుస్తరో నీకు తెలుసు, పప్పు బద్దలైతే మొలవదు. నీ మిషన్‌ల వంద గింజలు ఒలిస్తే ఎన్ని పలుగుతున్నయి? పలగని వాటిని తడిగుడ్డల కట్టి పెడితే ఎన్ని మొలకలొచ్చినయి? అమ్మ చేత్తోని ఒలిచిన వంద గింజలు గూడ పక్కన ఇంకో గుడ్డల కట్టు. రెండు లెక్కలు నాకు రాసి పంపు.