మానవ భూగోళ శాస్త్రం మొదలుపెట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

డిగ్రీలో మానవ భూగోళ శాస్త్రం తీసుకున్నావని, మొదటి నెలలోనే నోట్సు నిండా నిర్వచనాలు పేరుకుపోయాయని మీ అమ్మ చెప్పింది. ఇన్నేళ్లు ఈ సబ్జెక్టు బోధించినవాడిగా నీకు గట్టిగా చెప్పేది ఒక్కటే. ఏ పదాన్నయినా ఒక ఊరికో, ఒక అంకెకో ముడివేయకుండా పేజీ తిప్పకు.

జనసాంద్రతతో మొదలుపెట్టు. 2011 జనగణన ప్రకారం భారతదేశంలో చదరపు కిలోమీటరుకు 382 మంది. ఈజిప్టు విస్తీర్ణం సుమారు 10 లక్షల చదరపు కిలోమీటర్లు, జనాభా 10 కోట్లు దాటింది. భాగిస్తే వంద పైచిలుకు వస్తుంది. అది చూసి ఈజిప్టులో చోటుకు కొదవలేదని రాసేవాళ్లు ఏటా ఉంటారు. అక్కడ సాగు నేల ఐదు శాతం కూడా లేదు, జనమంతా నైలు లోయలోనూ డెల్టాలోనూ కిక్కిరిసి ఉంటారు. జనాభాను సాగుభూమితో భాగించు, అంకె రెండు వేలు దాటిపోతుంది. మన దేశంలో దాదాపు సగం నేల సాగులో ఉంది కాబట్టి 382 ఇంచుమించు రెట్టింపు దగ్గర ఆగుతుంది. మొదటిది అంకగణిత సాంద్రత, రెండోది ఫిజియలాజికల్ సాంద్రత. కాగితం మీద ఒక్కసారి ఈ లెక్క వేస్తే ఇక ఆ రెండూ కలగాపులగం కావు.

సైట్ (ఊరు నిలిచిన చోటు), సిచ్యుయేషన్ (చుట్టుపక్కల ప్రాంతాలతో ఆ ఊరికున్న సంబంధం) అనే జంటకు ఉదాహరణగా విజయవాడను పెట్టుకో. ఇంద్రకీలాద్రికి, అవతలి ఒడ్డున సీతానగరం కొండకు మధ్య కృష్ణ ఇరుకుగా పారే చోటు ఆ ఊరి సైట్. అది ఎప్పటినుంచో అలాగే ఉంది. మారింది సిచ్యుయేషన్. 1855 నాటికి అక్కడ ఆనకట్ట పూర్తయి, కాలువలు డెల్టాలోకి పారాయి. ఆ తర్వాత చెన్నై, హౌరా, హైదరాబాద్ వైపు రైలు మార్గాలు అక్కడ కలిశాయి. ఊరి దశ తిరిగింది. పర్యావరణమే మనిషి బతుకును నిర్ణయిస్తుందనే నియతివాదానికి, ప్రకృతి ఇచ్చే అవకాశాల్లో మనిషి ఎంచుకుంటాడనే సంభవవాదానికి తేడా చూపమంటే కూడా ఈ ఆనకట్టే చాలు.

వలస అనగానే పాలమూరు కూలీలు, గల్ఫ్ విమానాలు గుర్తొస్తాయి. అవి నిజమే. కానీ జనగణన పట్టికలో వలసకు అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్లి. పుట్టిన ఊరు వదిలి అత్తవారింటికి వెళ్లిన ఆడవాళ్లే ఆ లెక్కలో అత్యధికులు, వాళ్లలో ఎక్కువమంది వెళ్లేది దగ్గరి ఊళ్లకే. వలసదారుల్లో అధికులు కొద్ది దూరమే పోతారని వలస సూత్రాలు చెప్పిన రావెన్‌స్టీన్ 1885లో రాసింది ఇక్కడ సరిపోతుంది. ఉపాధి, కూలి లెక్కలతో ఆకర్షణ (కొత్త చోటుకు లాగేవి), వికర్షణ (ఉన్న చోటు నుంచి నెట్టేవి) కారకాలను వివరించే పద్ధతి మాత్రం ఈ వలసకు అంతగా అతకదు. పరీక్షలో ఆ మాట ధైర్యంగా రాయి.

నగరీకరణ అధ్యాయంలో నువ్వు ఆగి చూడవలసింది ‘పట్టణం’ నిర్వచనం. మునిసిపాలిటీ హోదా లేని ఊరిని జనగణన పట్టణంగా లెక్కించాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. మగవారిలో ప్రధాన శ్రామికుల్లో, అంటే ఏడాదిలో ఆరు నెలలైనా పనిచేసేవాళ్లలో, 75 శాతం మందైనా వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మగవారిలో మాత్రమే! పొలం పనికి పోయే ఆడవాళ్లు ఈ కొలతలోకి రారు. ఇది నాకు ఎన్నడూ సమ్మతం కాలేదు. దేశంలో ఇలాంటి జనగణన పట్టణాలు 2001లో 1,362, 2011లో 3,894. వాటిలో చాలావాటిని ఇప్పటికీ పంచాయతీలే నడుపుతున్నాయి. లెక్కలో పట్టణం, పాలనలో పల్లె.

పట్టణం నుంచి దూరాన్ని బట్టి ఏ పంట ఎక్కడ వేస్తారో చెప్పే వాన్ థూనెన్, పట్టణాలు ఏ అమరికలో ఏర్పడతాయో చెప్పే క్రిస్టాలర్ సిద్ధాంతాలకు ఇప్పుడే కంగారు పడకు. ఎవరు ఏ నేలను చూసి రాశారో ముందు తెలుసుకో. క్రిస్టాలర్ 1933లో రాసింది దక్షిణ జర్మనీ పట్టణాల గురించి. ఒక్కో పట్టణం చుట్టూ ఆయన గీసిన షడ్భుజాలు మన డెల్టా కాలువ గట్ల ఊళ్ల మీద ఎందుకు సరిగా కూర్చోవో అప్పుడు నువ్వే చెప్పగలవు.

జిల్లా జనగణన చేతిపుస్తకాలు జనగణన శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మీ జిల్లాది దించుకుని, మీ మండలంలో జనగణన పట్టణాలేవైనా ఉన్నాయేమో చూసి నాకు రాయి. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆ పట్టికలు ముందేసుకుని కూర్చుందాం.

మీ మామయ్య