గోధుమ మానేస్తే పరుగులో టైమింగ్ మెరుగవుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా: హాఫ్ మారథాన్‌కి తయారవుతున్నారు, బరువు 60 కిలోలు. రాత్రిళ్లు అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటున్నారు. ఆదివారం లాంగ్ రన్‌లో 12, 13 కిలోమీటర్లు దాటేసరికి కడుపు ఉబ్బి, టాయిలెట్ వెతుక్కోవాల్సి వస్తోంది. కోచ్ గారు గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్‌ని పూర్తిగా మానేయమన్నారు. మానేస్తే ఉబ్బరం తగ్గడమే కాక టైమింగ్ కూడా మెరుగవుతుందా అని.

టైమింగ్ మెరుగవదు. సీలియాక్ జబ్బు (గ్లూటెన్ తగిలితే పేగు గోడ దెబ్బతినే జబ్బు) గానీ గోధుమ ఎలర్జీ గానీ లేనివాళ్లకి గ్లూటెన్ తీసేసినందుకు అదనపు వేగమేమీ రాదు. ఉబ్బరం మాత్రం తగ్గొచ్చు, కాకపోతే దానికి కారణం గ్లూటెన్ అవ్వాలని లేదు. ఇంకోమాట: రేపటి నుంచే మానేయకండి. ముందు ఒక రక్తపరీక్ష ఉంది. మానేశాక చేయిస్తే ఆ పరీక్షకి విలువుండదు.

గ్లూటెన్ ఏమిటో కళ్లతో చూడాలంటే, చపాతీ పిండి ముద్దని గిన్నెడు నీళ్లలో పిసుకుతూ కడగండి. పాలలాంటి గంజి విడిపోతుంది, చివరికి చేతిలో సాగే జిగురు ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్, గోధుమలోని ప్రోటీన్. పుల్కాని కర్రతో ఎంత పలచగానైనా సాగదీయగలుగుతున్నామంటే దాని చలవే. జొన్నపిండిలో అది లేదు కాబట్టే వేడినీళ్లు పోసి కలిపి, చేత్తో తట్టాలి. ఇలాంటి ప్రోటీన్లే బార్లీలో, రై అనే ధాన్యంలో (ఆవాలు కాదు) కూడా ఉంటాయి. బియ్యం, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామ, మొక్కజొన్న, పప్పుల్లో ఉండవు.

ఆటగాళ్లలో ఈ మోజు మొదలైంది నోవాక్ జొకోవిచ్‌తోనే అనొచ్చు. 2010లో గ్లూటెన్ మానేశాడు, 2011లో మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి నంబర్ వన్ అయ్యాడు. (వాళ్ల అమ్మానాన్నలది పిజ్జా కొట్టు కావడం ఇందులో తమాషా.) కానీ ఆయనకి మొదట చేసిన పరీక్షేమిటో తెలుసా? ఒక చేత్తో బ్రెడ్ ముక్కని పొట్టకి ఆనించుకుని, రెండో చేతి బలం తగ్గుతోందా అని చూడటం. దాన్ని వైద్యపరీక్ష అనలేం. తిండి మారినప్పుడు దాంతోపాటు నిద్ర, శిక్షణ, క్రమశిక్షణ అన్నీ మారతాయి. గెలుపులో దేని వాటా ఎంతో ఎవరు తేల్చగలరు?

తేల్చాలంటే తినేవాళ్లకి ఏం తింటున్నారో తెలియకూడదు. పరిశోధకురాలు డేనా లిస్ బృందం అలాగే చేసింది, 2015లో అచ్చయింది. సీలియాక్ లేని 13 మంది పోటీ సైక్లిస్టులు. అందరికీ గ్లూటెన్ లేని భోజనమే పెట్టి, దానికి తోడు బార్లు ఇచ్చారు. ఒక వారం ఇచ్చిన బార్లలో రోజుకి 16 గ్రాముల గ్లూటెన్ ఉంది, మరో వారం ఇచ్చిన వాటిలో లేదు. ఏ వారం ఏదో తిన్నవాళ్లకీ తెలియదు, కొలిచినవాళ్లకీ తెలియదు. ప్రతి వారం చివర 45 నిమిషాలు ఒకే వేగంతో తొక్కించి, తర్వాత 15 నిమిషాల టైమ్ ట్రయల్ పెట్టారు. ఆటలో తేడా లేదు. కడుపు ఇబ్బందుల్లో, పేగు దెబ్బతిన్న గుర్తుల్లో, వాపు సూచికల్లో కూడా తేడా లేదు. చిన్న ప్రయోగమే, వారం రోజులే. అయినా గ్లూటెన్ మానితే ఆట ఎగసిపడుతుందన్న ప్రచారం నిజమైతే ఆ పాటి ప్రయోగంలోనైనా దాని జాడ కనపడాలిగా.

మరి చపాతీ మానేసినవాళ్లు చాలామంది ‘కడుపు తేలికైంది’ అంటారే, అది అబద్ధమా? కాదు. లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల గోధుమపిండిలో పీచు 11 గ్రాముల పైన, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపు. మీ నాలుగు చపాతీలకి 120 గ్రాముల పిండి అనుకుందాం. పీచు సుమారు 13.5 గ్రాములు, పిండిపదార్థం 77 గ్రాములు. అంతే బియ్యం వండుకుంటే పీచు మూడున్నర గ్రాములు, పిండిపదార్థం 94 గ్రాములు. అంటే చపాతీ తీసి అన్నం పెట్టిన రాత్రి పది గ్రాముల పీచు తగ్గి, 17 గ్రాముల ఇంధనం పెరిగింది. పొద్దున పరుగు హాయిగా సాగడానికి ఇది చాలు, పేరు మాత్రం గ్లూటెన్ కొట్టేస్తుంది. ప్రోటీన్ తగ్గుతుందన్న బెంగ వద్దు, తేడా మూడు గ్రాములే, సగం గుడ్డుతో సరి.

అదే వ్యక్తి ‘గ్లూటెన్ ఫ్రీ’ అని జొన్న రొట్టెకో రాగి సంగటికో మారితే? జొన్నలో పీచు 10 గ్రాములు, రాగిలో 11. గ్లూటెన్ సున్నా, కానీ పీచే కారణమైతే ఉబ్బరం ఎక్కడికీ పోదు. మీ సమస్య గ్లూటెనా, పీచా అన్నదానికి ఇంట్లో దొరికే మొదటి ఆధారం ఇదే. జొన్న, రాగి మంచి తిండి, వారం మధ్యలో శుభ్రంగా తినండి. లాంగ్ రన్ ముందు రాత్రికి మాత్రం పనికిరావు.

రెండో అనుమానితుడు ఫ్రక్టాన్. గోధుమలో ఉండే ఒక రకం చక్కెర గొలుసు. మన చిన్నపేగు దాన్ని అరిగించలేదు, పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ‘నాకు గ్లూటెన్ పడదు’ అనుకునే 59 మంది మీద నార్వేలో చేసిన ప్రయోగం 2018లో వెలువడింది. గ్లూటెన్ ఉన్న బార్, ఫ్రక్టాన్ ఉన్న బార్, రెండూ లేని బార్, ఏది ఏదో చెప్పకుండా తినిపించారు. ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టాన్. గ్లూటెన్‌కీ ఉత్త బార్‌కీ తేడా తేలలేదు. ఈ ఫ్రక్టాన్ ఉల్లిపాయలో, వెల్లుల్లిలో కూడా దండిగా ఉంటుంది. చపాతీ మానేసి, ఉల్లిపాయ కూరని అన్నంలోకి మార్చుకుంటే సగం పనే అయినట్టు.

ఇప్పుడు పరీక్ష సంగతి. సీలియాక్ అంటే గ్లూటెన్ తగిలితే శరీరం తన పేగు గోడనే దెబ్బతీసుకునే జబ్బు. మన దేశంలో మూడు ప్రాంతాల్లో చేసిన సర్వే 2016లో వచ్చింది. ఈ జబ్బు సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో వెయ్యికి 12 మందిలో, దక్షిణాదిలో వెయ్యికి ఒకరిలో కనిపించాయి. గోధుమ వాడకం అక్కడ సగటున రోజుకి 455 గ్రాములు, ఇక్కడ 25. జన్యువుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే అన్నం తినే ఇంటి పిల్లలు ఏళ్ల తరబడి మూడుపూటలా పుల్కాల్లోకి మారితే, మన దగ్గర అరుదే అని తోసేయలేం. ఇవి ఉంటే తప్పక చేయించుకోండి: ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ లేవకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, పరుగు లేని రోజుల్లోనూ విరేచనాలు, నోటి పూతలు, చిన్న వయసులో మళ్లీ మళ్లీ స్ట్రెస్ ఫ్రాక్చర్లు (ఎముకల్లో సన్నటి పగుళ్లు), ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండటం. అడగాల్సింది టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష, దాంతోపాటు టోటల్ ఐజీఏ (ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ). రెండోది లేకపోతే, పుట్టుకతో ఐజీఏ తక్కువ ఉన్నవాళ్లకి తప్పుడు నెగటివ్ వస్తుంది. పాజిటివ్ వస్తే గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ ఎండోస్కోపీ చేసి, పేగు ముక్క తీసి నిర్ధారిస్తారు.

ఇవన్నీ గోధుమ తింటున్నప్పుడే చేయించాలి. ఇప్పటికే మానేసినవాళ్లు రోజుకి రెండు చపాతీల చొప్పున ఆరు వారాలు తిని అప్పుడు రక్తం ఇవ్వాలి. తినలేని స్థితిలో ఉంటే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యుపరీక్ష ఉంది. అది నెగటివ్ అయితే సీలియాక్ దాదాపు లేనట్టే. పాజిటివ్ అయితే ఏమీ తేలనట్టు, ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి ఆ జన్యువులుంటాయి. వంద, రెండొందల తిండిపదార్థాలకి ఒకేసారి ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) చూసి ‘మీకు ఇవి పడవు’ అని రంగుల చార్టు ఇచ్చే ప్యాకేజీలకి డబ్బు తగలేయకండి. ఐజీజీ ఉందంటే ఆ తిండి మీరు తిన్నారని అర్థం, అంతే.

ఒక్క విషయంలో మాత్రం భయపడాలి. చపాతీయో పరోటాయో తిన్న నాలుగు గంటల లోపు పరుగు పెడితే ఒంటి మీద దద్దుర్లు, దురద, పెదవుల వాపు, ఆయాసం, కళ్లు తిరగడం. ఉత్తగా తిని కూర్చుంటే ఏమీ కాదు, ఖాళీ కడుపుతో పరుగెత్తినా ఏమీ కాదు, రెండూ కలిస్తేనే. ఇది గోధుమ, వ్యాయామం కలిసి తెచ్చే అనాఫిలాక్సిస్, అంటే ఒళ్లంతా ఒక్కసారిగా విరుచుకుపడే ఎలర్జీ. అరుదు, కానీ ప్రాణాంతకం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు దీన్ని ఇంకా రెచ్చగొడతాయి. ఒక్కసారి ఇలా జరిగినా మళ్లీ తిని చూద్దామనుకోకండి. ఎలర్జీ నిపుణుల దగ్గరికి వెళ్లి ఒమేగా-5 గ్లయడిన్ (గోధుమలోని ఒక ప్రోటీన్) పరీక్ష అడగండి.

ఇవేవీ కాదని తేలాక ఇంట్లో ప్రయోగం పెట్టుకోవచ్చు. మొదటి రెండు వారాలు తిండి ఏమీ మార్చకుండా ఉబ్బరం, విరేచనం, పరుగులో ఇబ్బంది రోజూ పదికి ఎంతో రాసుకోండి. తర్వాతి రెండు వారాలు గోధుమ, బార్లీ తీసి ఆ జాగాలో తెల్లన్నం పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, పాలు, ప్రోటీన్ పొడి కదపొద్దు. అందరూ చేసే తప్పు ఇక్కడే: గోధుమతోపాటు పాలు, టీ కూడా ఒకేసారి మానేసి ఫలితాన్ని గ్లూటెన్ ఖాతాలో రాసేస్తారు. తేడా కనిపిస్తే మూడో అంకం. వైటల్ వీట్ గ్లూటెన్ పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 12 గ్రాములు మీ నాలుగు చపాతీలతో సమానం. ఇంట్లోవాళ్లని బియ్యప్పిండి రొట్టెలో దాన్ని మూడు రోజులు కలపమనండి, నాలుగు రోజులు విరామం, ఇంకో మూడు రోజులు కలపకుండా చేయమనండి. ఏది ముందో వాళ్లిష్టం, మీకు చెప్పకూడదు. గ్లూటెన్ పడిన రొట్టె మరీ మెత్తగా వచ్చి గుట్టు రట్టు చేస్తుంది, అందుకని ముక్కలు చేసి పప్పులో నానబెట్టి ఇవ్వమనండి. రెండుసార్లూ ఒకేలా ఉంటే గ్లూటెన్ నిర్దోషి.

నా అంచనా అడిగితే, పరుగులో మాత్రమే వచ్చే ఇబ్బందికి గోధుమ కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పరుగులో రక్తం కండరాలకి మళ్లుతుంది, పేగులకి బాగా తగ్గిపోతుంది. ఎండలో, చెమట కారి నీళ్లు తగ్గితే ఇంకా. ఆ సమయంలో పొట్టలో పీచు, కొవ్వు, పాలు ఉంటే తిరగబడతాయి. ప్రోటీన్ పొడిగా తాగే వే కాన్సన్‌ట్రేట్‌లో లాక్టోజ్ అనే పాల చక్కెర ఉంటుంది, మన దగ్గర చాలామందికి పడదు. ‘షుగర్ ఫ్రీ’ బార్లలో వాడే మాల్టిటాల్, సార్బిటాల్ అనే తీపి పదార్థాలు విరేచనాలు తెస్తాయి, ఆ బార్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఎంత పెద్దక్షరాలతో ఉన్నా సరే. వేసవిలో మామిడి, పుచ్చకాయ కూడా అంతే. పరుగుకి ముందు ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకునే అలవాటుంటే ఇవాళే ఆపండి, పేగు గోడని అది నేరుగా దెబ్బతీస్తుంది.

శనివారం రాత్రికి 150 గ్రాముల బియ్యం వండి, పలచటి పెసరపప్పు కట్టుతో, ఒక గుడ్డుతో తినండి. శనగలు, రాజ్మా, ఉల్లిపాయ వేపుడు వద్దు. పొద్దున పరుగుకి రెండు గంటల ముందు నాలుగు చిన్న ఇడ్లీలు, రెండు అరటిపళ్లు, సుమారు 80 గ్రాముల పిండిపదార్థం. సాంబారు వద్దు, చిటికెడు పొడి చాలు. పరుగులో అర లీటరు నీళ్లలో 30 గ్రాముల గ్లూకోజ్, టీస్పూన్‌లో ఎనిమిదో వంతు ఉప్పు కలిపి, నలభయ్యో నిమిషం నుంచి గుక్కగుక్కగా గంటకొక సీసా. బలం వస్తుందని వంద గ్రాములు పోస్తే ఆ చిక్కదనానికి పేగు ఒంట్లో నీళ్లని లోపలికి లాక్కుంటుంది, మళ్లీ టాయిలెట్టే. పోటీ రోజున మొదటిసారి తాగొద్దు, ఆరేడు లాంగ్ రన్‌లలో పేగుకి అలవాటు చేయాలి.

సీలియాక్ అని తేలినవాళ్లకి మాత్రం ఈ ‘నాలుగు చపాతీల’ లెక్కలు చెల్లవు, జీవితాంతం పూర్తిగా మానాలి. బొంబాయి రవ్వ, సేమియా గోధుమే, ఇడ్లీ రవ్వ బియ్యం. బజార్లో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలిపి ఉంటుంది, అంటే పులిహోర కూడా అనుమానమే. మాల్ట్ పొడులు, బార్లీ జావ, సోయాసాస్, మైసూర్ బజ్జీ వేసిన నూనెలో వేయించిన గారెలు, పుల్కాలు కాల్చిన పెనం మీద జొన్న రొట్టె, ఏవీ పనికిరావు. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటే మన నిబంధన ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములకి మించకూడదు. పిండి మరలో మీ ముందువాళ్లు గోధుమలు పట్టించి ఉంటే మీ జొన్నల్లోకి అంతకంటే ఎక్కువే చేరుతుంది. జొన్నలు కడిగి ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీ పట్టుకోవడం మేలు.