పెద్దవాళ్లలో అదనపు దంతాలు ఎంతమందికి ఉంటాయి?

మామూలుగా పెద్దవాళ్లకు జ్ఞానదంతాలతో కలిపి 32 పళ్లుంటాయి. అంతకుమించి పళ్లు రావడం అరుదే, కానీ వినని విషయమేమీ కాదు. చాలా సర్వేల్లో శాశ్వత దంతాల విషయంలో ఇది సుమారు 1 నుంచి 4 శాతం మందిలో కనిపించింది. పాలపళ్లలో ఒక శాతం కూడా ఉండదు. ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో దాదాపు రెట్టింపు.

ఎక్కువమందికి ఒక్క పన్నే అదనంగా ఉంటుంది. అది తరచూ పైదవడలో, ముందరి రెండు పళ్ల మధ్య చిన్న మేకులా మొనదేలి వస్తుంది. జ్ఞానదంతం వెనక నాలుగో దవడపన్ను రావడమూ ఉంది. వీటిలో చాలావరకు చిగురు దాటి బయటికే రావు, ఎముకలోనే ఉండిపోతాయి. అందుకే ఒక్కోసారి పెద్దయ్యాక, వేరే పని మీద తీసిన ఎక్స్‌రేలో మొదటిసారి బయటపడుతుంటాయి. నోట్లో చూసి లెక్కపెడితే తేలే విషయం కాదిది.

పన్ను మొలకెత్తే కణజాలం అవసరానికి మించి పనిచేయడమే కారణమని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. కుటుంబంలో ఇంకొకరికి ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒకే మనిషికి చాలా పళ్లు అదనంగా ఉంటే మాత్రం గార్డ్‌నర్ సిండ్రోమ్ లాంటి జన్యు సమస్య ఉందేమో చూపించుకోవాలి. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే ఆ సిండ్రోమ్‌లో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది.

ఒక్క పన్ను ఎముకలో కదలకుండా ఉండి ఇబ్బంది పెట్టకపోతే టెన్షన్ అక్కర్లేదు, అప్పుడప్పుడు ఎక్స్‌రేతో గమనిస్తే చాలు. పక్క పంటి వేరును అరగదీస్తున్నా, చుట్టూ నీటితిత్తి ఏర్పడినా తీసేయమంటారు.