డాక్టర్ బాబుని తిట్టే హక్కు

ప్రశ్న: 'కార్తీకదీపం' మొదలైన రోజుల్లో మా అమ్మ హీరోయిన్ దీప, అదే వంటలక్క, కష్టాలు చూసి కళ్ళొత్తుకునేది. కొన్నాళ్ళకి అదే సీరియల్‌ని రోజూ తిట్టడం మొదలుపెట్టింది. చూడటం మాత్రం మానలేదు. తీరా హీరో హీరోయిన్లు చచ్చిపోయారనగానే టక్కున మానేసింది. ఇప్పుడు రెండో 'కార్తీకదీపం' చూస్తూ దాన్నీ తిడుతోంది. 'నచ్చనప్పుడు చూడటం ఎందుకమ్మా?' అంటే నా మీద విరుచుకుపడుతోంది. ఇదేం అభిమానం మేడమ్?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అమ్మగారిని ఏమీ అనకండి. మా పెద్దమ్మదీ ఇదే వరస. ఏడున్నర అయ్యేసరికి గోరుచిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. హీరో కార్తీక్, అదే మన డాక్టర్ బాబు, మొహం చిట్లించి దీపని అనుమానంగా ఒక్క మాట అన్నాడంటే చాలు, 'నీ డాక్టరీ తగలెయ్య' అంటూ ఈనె తీయకుండానే కాయ విరిచి పడేసేది. మర్నాడు కూరలో ఈనెలు నోటికి తగిలాయంటే, రాత్రి కథ ముదిరిందని మాకు అర్థమయ్యేది.

అసలు ఆ ఇష్టం ఎక్కడ పుట్టిందో చూడండి. నల్లగా ఉందని అత్త సౌందర్యకి కోడలు దీప గిట్టదు. పెళ్ళిచూపుల్లో 'పిల్ల కాస్త చామనఛాయేనండీ' అన్న మాట విని తల దించుకున్న ఆడవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది లేరు? మొగుడు అనుమానించాక ఆ దీప ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. వంటలు చేసుకుని కూతుర్ని పెంచుకుంది. అక్కడే పడిపోయారు జనం. తర్వాత ఆ సౌందర్యే మారి కోడలి పక్షాన నిలబడింది. ఆమెని దుమ్మెత్తిపోసినవాళ్ళే నెత్తిన పెట్టుకున్నారు.

కార్తీక్‌ని మాత్రం అంత తేలిగ్గా క్షమించలేదు. తన మీద మనసుపడ్డ మోనిత మాటలు నమ్మి, తనకి పిల్లలు పుట్టే అవకాశమే లేదనుకుని భార్యని అనుమానిస్తాడు. సరే, మనిషన్నాక అనుమానం రావచ్చు. డాక్టరై ఉండి ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయించుకోడేం? బస్సుల్లో, బ్యూటీ పార్లర్లలో, ఫోన్లలో తిరిగే జోకుల్లో అందరిదీ ఇదే ప్రశ్న. పాపం ఆ పాత్ర వేసిన నిరుపమ్ పరిటాల మాత్రం ఏం చేస్తాడు, రాసిచ్చిన సీన్ అది.

టెస్టు చేయిస్తే కథ అయిపోతుంది కదమ్మా! రేటింగులు వారం వారం వస్తాయి. నంబర్ వన్‌లో నడుస్తున్న సీరియల్‌లో కథని నడిపిస్తున్న ముడిని ఎవరు విప్పుతారు? రేటింగుల కోసం కొన్ని ఇళ్ళలో టీవీకి పెట్టే మీటరుకి తెలిసేది ఏ ఛానెల్ నడుస్తోందో, ఎవరు చూస్తున్నారో, అంతే. మా పెద్దమ్మ తిట్లు దానికి వినపడవు. అలా అలా 2017 అక్టోబరులో మొదలైంది 1500 ఎపిసోడ్లు దాటి 2023 జనవరి దాకా సాగింది. మధ్యలో 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లని కూడా ఏడున్నరకే పెట్టారు. ఒక్క టీవీ ఉన్న ఇళ్ళలో రిమోట్ కోసం ఎంత టెన్షనో మీకు గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో అయితే పెద్దమ్మే గెలిచేది.

ఇక మీ అమ్మగారు మానేసిన సంగతి. 2022లో కార్తీక్, దీపలని యాక్సిడెంట్‌లో చంపేసి, పిల్లలు హిమ, సౌర్యలని పెద్దవాళ్ళని చేసి కథ నడిపించారు. లెక్క ప్రకారం అందరూ హమ్మయ్య అనుకోవాలి. ముడి పోయింది, అనుమానం పోయింది, కొత్త మొహాలు వచ్చాయి. మా పెద్దమ్మ పది రోజులు చూసి, 'ఎవరో పిల్లలు, వాళ్ళనేం తిడతాం' అని ఛానెల్ తిప్పేసింది. ఇంటల్లుడిని తిట్టినంత చనువుగా పక్కింటి అల్లుడిని తిట్టలేం కదా. అన్నేళ్ళ కోపమంతా కార్తీక్‌కి దాచిపెట్టినది. అతనే లేకపోతే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఛానెల్‌వాళ్ళకీ ఈ సంగతి త్వరగానే తెలిసొచ్చినట్టుంది. కొన్ని నెలలకే ఇద్దరినీ బతికించి తీసుకొచ్చారు, కార్తీక్‌కి గతం గుర్తులేదని చెప్పి మరీ. ఆ మలుపు ఎంత నాసిరకంగా ఉందో పెద్దమ్మే నాకు అరగంట వివరించింది. వివరిస్తూ మళ్ళీ చూడటం మొదలుపెట్టింది.

మోనితగా వేసిన శోభా శెట్టి 2023లో బిగ్‌బాస్ ఏడో సీజన్‌కి వెళ్తే, అక్కడ కూడా ఆమె ఏం మాట్లాడినా పెద్దమ్మ నమ్మలేదు. 'మోనితేగా' అనేది.

కాబట్టి 'ఎందుకు చూస్తున్నావ్' అని మీ అమ్మగారిని అడక్కండి. ఆ ప్రశ్నకి కోపం రాక ఏమొస్తుంది? యాడ్స్ వచ్చినప్పుడు పక్కన కూర్చుని 'ఇవాళ ఏం చేశాడమ్మా వాడు?' అనండి. అరగంటలో మీకు పది రోజుల కథ తెలిసిపోతుంది, అదీ విమర్శతో సహా.

ప్రశ్న: మొదటి 'కార్తీకదీపం' నేను చూడలేదు. రెండోది చూస్తే అర్థమవుతుందా?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: నిక్షేపంగా అవుతుంది. 2024 మార్చిలో మొదలైన ఈ రెండోదానిలో దీప, కార్తీక్ పేర్లు అవే, నటులూ వాళ్ళే. కథ మాత్రం వేరు. పాత కోపాలు తెలియని మీరే హాయిగా చూస్తారు.