"నాకు లెక్కల బుర్ర లేదు" అంటున్న పిల్లాడికి ఎలా నచ్చజెప్పాలి?

మీ బాబు ఇంటర్ ఫస్టియర్‌లో మ్యాథ్స్ 1ఎ తప్పాడని, "నాకు బుర్ర లేదు" అంటూ పుస్తకం ముట్టడం లేదని రాశారు. హన్మకొండలో చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెబుతున్నాను. నచ్చజెప్పడం తర్వాత చూద్దాం, ముందు వాడి రఫ్ నోట్‌బుక్ తెరిపించండి.

నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇలాగే అనేది: "మా ఇంట్ల ఎవ్వరికీ లెక్కలు రావు సార్, నాకెట్లొస్తయ్?" మూడు సమీకరణాల నుంచి ఎక్స్, వై, జెడ్ విలువలు కనుక్కునే క్రేమర్ పద్ధతి లెక్క ఒకటి బోర్డు మీద చేయించాను. పద్ధతంతా వచ్చు. నిర్ధారకాన్ని (డిటర్మినెంట్‌ను) మొదటి అడ్డువరుసతో విస్తరించేటప్పుడు రెండో పదం ముందు మైనస్ పెట్టాలి కదా, అక్కడ ప్రతిసారీ ప్లస్ వేస్తోంది. ఇక ఎక్స్, వై, జెడ్ అన్నీ తప్పే. గుర్తు చూపిస్తే బోర్డు వైపే చూస్తూ "గింతేనా సార్?" అంది. త్రికోణమితి ఆ తర్వాత కూడా ఏడిపించింది. కానీ "నాకు రాదు" అనడం పోయి, "ఈ స్టెప్పు ఎట్లొచ్చింది?" అని అడగడం మొదలైంది. సప్లిమెంటరీలో గట్టెక్కింది.

టెన్త్‌లో మంచి మార్కులొచ్చి "మావాడు బ్రిలియంట్" అనిపించుకున్న పిల్లలకైతే ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. అమెరికాలో ముల్లర్, డ్వెక్ అనే పరిశోధకులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు 1998లో వెలువడ్డాయి. కొన్ని పజిల్స్ చేయించి, కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే కష్టమైనవి ఇచ్చి, తప్పాక మళ్లీ తేలికైనవి ఇస్తే, తెలివిని పొగిడించుకున్నవాళ్లు మొదటికన్నా వెనకబడ్డారు. కష్టాన్ని మెచ్చుకున్నవాళ్లు మెరుగయ్యారు.

అలాగని "ప్రయత్నిస్తే నీకూ వస్తుంది" అని రోజూ చెబితే సరిపోదు. తెలివి పెరిగేదేనని చెప్పే చిన్న ఆన్‌లైన్ పాఠాన్ని అమెరికాలోనే సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలతో పరీక్షించారు, 2019లో ఫలితాలొచ్చాయి. వెనకబడ్డ పిల్లల గ్రేడ్లు పెరిగాయి గానీ కొద్దిగానే. ఎక్కడ తప్పుతున్నాడో పక్కన కూర్చుని చూపించే మనిషి కావాలి. ఆ మనిషి మీరే కానక్కర్లేదు. లెక్చరరో, సెకండియర్ చదివే అన్నో చాలు.

ఇంట్లో మాత్రం సప్లిమెంటరీ అయ్యేదాకా చుట్టాల పిల్లల ర్యాంకుల ముచ్చట వద్దు. ఫీజు గడువు దాటనివ్వకండి. మాత్రికలతో (మ్యాట్రిసెస్‌తో) మొదలుపెట్టించండి. 7 మార్కుల ప్రశ్నలు వచ్చే చాప్టర్ అది, పద్ధతి పట్టుబడితే త్వరగా చేతికొస్తుంది. తప్పిన లెక్కను కొట్టేయనివ్వకుండా, ఏ లైన్‌లో దారి తప్పిందో అక్కడే పెన్సిల్‌తో గీత గీయమనండి.