2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ లేని రోజుల్లో ఎలా తేల్చారు?

మీరు అడిగింది 170141183460469231731687303715884105727 గురించి. 39 అంకెల ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనని 1876లో ఫ్రాన్స్ గణితవేత్త ఎడువార్డ్ లూకా చేత్తోనే లెక్క కట్టి తేల్చారు. 1951 వరకూ ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మీకొచ్చిన సందేహమే వాళ్లకూ వస్తుంది, నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది.

ఒక్కో సంఖ్యతో భాగించుకుంటూ పోవాలని అందరికీ మొదట తడుతుంది. వర్గమూలం దాకా అలా వెళ్లాలంటే, సెకనుకు వంద కోట్ల భాగహారాలు చేసే మెషీన్‌కి కూడా 400 ఏళ్లు దాటుతుంది. లూకా ఆ దారిలోనే వెళ్లలేదు. కారణాంకాలు వెతక్కుండానే తేల్చే పరీక్ష ఒకటి కనిపెట్టారు. తర్వాత అమెరికా గణితవేత్త లేమర్ దాన్ని ఇంకా సులువు చేశారు. ఆ రూపం ఇది: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, మన సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాన్ని మాత్రం ఉంచుకోవాలి. మళ్లీ అదే పని. ఘాతాంకం p బేసి ప్రధాన సంఖ్య అయితే, p − 2 సార్లు చేశాక సున్నా వస్తేనే 2ᵖ − 1 ప్రధాన సంఖ్య.

క్లాసులో 2⁷ − 1, అంటే 127తో చేయిస్తాను. ఐదు సార్లు చేయాలి. 4 నుంచి 14 వస్తుంది. తర్వాత 194, దాని శేషం 67. ఆ తర్వాత 42, ఆపైన 111. 111 వర్గం 12321, రెండు తీస్తే 12319. దాన్ని 127తో భాగించమని ఒకరిని బోర్డు దగ్గరికి పిలుస్తాను. 97 సార్లు, శేషం సున్నా! క్లాసంతా ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. 2¹²⁷ − 1కి ఇదే పని 125 సార్లు, అంతే.

పెద్ద సంఖ్యతో అన్నిసార్లు భాగించడం కష్టం కదా అంటారేమో. ఈ సంఖ్య అసలు అందం అక్కడే ఉంది. బైనరీలో రాస్తే వరసగా 127 ఒకట్లు. 2¹²⁷ని దీనితో భాగిస్తే శేషం 1. కాబట్టి ఎంత పెద్ద సంఖ్య వచ్చినా, కుడివైపు నుంచి 127 బిట్ల (బైనరీ అంకెల) చొప్పున ముక్కలు చేసి కూడితే సరిపోతుంది, భాగహారంతో పనే లేదు. 2024 అక్టోబరులో ప్రకటించిన ప్రధాన సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1కి 4,10,24,320 అంకెలున్నాయి, దాన్నీ చివరికి ఈ పరీక్షతోనే ఖాయం చేశారు.

ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన చాలదని గుర్తుంచుకోండి. 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే ఐదారు లైన్లలో ఈ పరీక్ష రాసి, pకి 67 ఇచ్చి చూడండి. చివర్లో సున్నా రాదు. అంటే 2⁶⁷ − 1కి కారణాంకాలు ఉన్నాయి, కానీ అవేమిటో పరీక్ష చెప్పదు. 193707721, 761838257287 అని 1903లో అమెరికా గణితవేత్త కోల్ విడిగా కనిపెట్టాల్సి వచ్చింది.